సుంగుడి సౌండు

నేను ఏళ్ళ తరబడి కూర్చుని టీ తాగిన బెంచీ అసలు బెంచీయే కాదని రిటైరయ్యాక తెలిసింది.

చిత్తూరులో ఉద్యోగం, తిరుపతిలో ఇల్లు కావడం వల్ల పూతలపట్టు కూడలిలో దిగి టీ తాగడం నాకు పాత అలవాటు. ఉద్యోగం పోయినా అలవాటు పోలేదు. పింఛను పని మీద చిత్తూరు వెళ్ళి వస్తూ ఆ రోజు కూడా దిగాను. టీ కొట్టు ముందర రెండు పొడవాటి చెక్క పెట్టెలు పడుకోబెట్టి ఉంటాయి. వాటి మీద గోనెసంచి పరిచి ఉంటుంది. వచ్చినవాళ్ళం ఆ సంచి మీదే కూర్చుంటాం. ఆ రోజు నా చేతిలోంచి చిల్లర జారి పెట్టె పక్కకు దొర్లింది. తీసుకుందామని వంగితే, పెట్టెకు ఒక వైపు చిరిగిన నల్లగుడ్డ, గుడ్డ వెనకాల పెద్ద ఇడ్లీ పళ్ళెమంత నల్లటి గుండ్రటి బిళ్ళ కనిపించాయి.

మా ఊళ్ళో రిటైరైనవాళ్ళు కొందరు తెల్లారకుండానే కొండకు నడుస్తారు, కొందరు షుగరు గురించి మాట్లాడతారు. నాకు రెండూ చేతకాక పాత స్పీకర్ల గురించి ఫోన్లో చదవడం మొదలుపెట్టాను. పాతకాలపు స్పీకరు పెట్టెలు, వాటిని బాగుచేసి శ్రుతి కుదిర్చే పిచ్చివాళ్ళు ప్రపంచమంతా ఉన్నారని తెలిసింది. తిరుపతిలోనే అలాంటివాళ్ళు కొందరుంటే ఫోన్లో వాళ్ళ గ్రూపులో చేరాను. చదివిన చదువంతా ఒక్కసారిగా కళ్ళముందు కనబడింది.

"ఇవి యాడివప్పా?" అన్నాను, ఏమీ ఎరగనట్టు.

"మా అన్న కువైటు నుంచి తెచ్చినాడు సార్. అప్పట్లో పెండ్లిండ్లకు బాడుగకిస్తా ఉంటిమి. ఒగ పెండ్లిలో తాళి కట్టే టయానికి గమ్మునైపోయినాయి. అప్పటి నుంచీ ఇట్ల పండుకోబెట్టినాము. పాడేది రాకపోయినా బరువైతే బాగా మోస్తాయి. కావల్నా?"

"ఊరికే అడిగినాలే."

"ఊరికే అడిగేవాళ్ళు మోకాళ్ళ మీద కూచోరు సార్," అన్నాడు టీ కొట్టాయన.

నేను అప్పటికి మోకాళ్ళ మీదే ఉన్నాను. ఇక దాచి లాభం లేదని లేచి ధర అడిగాను. ఆయనకు డబ్బు వద్దట. వచ్చినవాళ్ళు కూర్చోవడానికి రెండు బెంచీలు చేయించి తెచ్చి, ఆ పెట్టెలు పట్టుకుపొమ్మన్నాడు. వేప చెక్క అయితే ఒప్పుకోనని, టేకు కావాలని కూడా అన్నాడు. "మీకు దీని ఇలువ తెలిసినట్టుండాది గదా సార్, మరి నా గిరాకీల ఇలువ నాకు తెలీదా?"

మా ఇంట్లో భోజనాల బల్లకు ప్లాస్టిక్ కుర్చీలు. పూతలపట్టు టీ కొట్టుకు మాత్రం తిరుపతిలో చేయించిన టేకు బెంచీలు. ఈ సంగతి నా భార్యకు చెప్పకుండా ఉందామనుకున్నాను గానీ, వడ్రంగి నేరుగా ఇంటికే వచ్చి, "అమ్మా, బెంచీకి ఆనుకునేది పెట్టమంటారా?" అని ఆమెనే అడిగాడు. ఆమె నా వంక చూసి, "పెట్టప్పా. పూతలపట్టులో ఎవురికన్నా నడుము నొప్పి ఉంటాదేమో," అంది.

పెట్టెలు ట్రాలీ ఆటోలో ఇంటికి వచ్చిన రోజు మా అత్త, అంటే నా భార్య తల్లి, వరండాలో కూర్చుని చింతపండు ఈనెలు తీస్తోంది. ఆమె మా దగ్గరే ఉంటుంది. ఎనభై దాటిన మనిషి. చూపు బాగుంది, పళ్ళు బాగున్నాయి, వినికిడి మాత్రం పోయింది. చెవి దగ్గర అరిస్తే సగం తెలుస్తుంది, మిగతా సగం ఆమె కల్పించుకుంటుంది. చెవిలో పెట్టుకునే మిషను కొనిస్తే, "దీంట్లో ఎవురో అప్పడాలు ఏంచతా ఉండారు," అని తీసి దేవుడి గూట్లో పెట్టేసింది.

"ఏంది, బీరువాలా?" అంది అత్త.

"స్పీకర్లత్తా! పాటలు వచ్చేవి!"

"పావలాలు వచ్చేవా? మంచిదేలే," అని మళ్ళీ చింతపండులో పడింది.

వెనక చెక్క విప్పితే లోపలి నుంచి బూంది నూనె వాసన గుప్పుమంది. బల్లి గుడ్లు, బీడీ ముక్కలు, ఎవరిదో బస్సు టికెట్టు, ఒక పలక బలపం బయటపడ్డాయి. కింది చెక్కకు చెదలు పట్టాయి. పైన అతికిన పలుచటి టేకు పొర టీ మరకలతో ఉబ్బి, అరటి దొన్నెలా లేచిపోయింది. పెద్ద బిళ్ళ చుట్టూ ఉండే నురగ రింగు వేలు తగిలితే చాలు, పాత అప్పడంలా పొడి అయిపోయింది. కంపెనీ పేరున్న రేకు ఎప్పుడో ఊడిపోయింది. ఇవన్నీ ఫొటోలు తీసి గ్రూపులో పెట్టాను.

గ్రూపుకు పెద్ద ఒకాయన ఉన్నాడు. ఇంజనీరుగా చేసి రిటైరైన మనిషి. మేమంతా ఆయన్ని గురువుగారు అంటాం. ఆయన చెవులు ఎంత గొప్పవంటే, ఫొటో చూసి సౌండు చెప్పగలడు. "ఇది ఇంగ్లండు పెట్టె. మధ్యస్థాయిలో కొంచెం సంకోచం ఉంటుంది, కానీ పెద్దమనిషి తరహా," అని రాశాడు. మందుల షాపాయన ఒకడు గ్రూపులో ఉన్నాడు. కాదు, జర్మనీ అన్నాడు. రెండు రోజులు ఇంగ్లండుకూ జర్మనీకీ మళ్ళీ యుద్ధం నడిచింది. పూతలపట్టు అని మాత్రం ఎవరూ అనలేదు.

వేసవి మొదట్లో పని మొదలుపెట్టాను. చెదలు పట్టిన చెక్క కోయించి కొత్తది అతికించాను. పైపొర తీయడానికి నా భార్య ఇస్త్రీ పెట్టె, తడిగుడ్డ వాడాను. ఆ తర్వాత నేను వేసుకున్న ప్రతి తెల్లచొక్కా మీదా టేకు రంగు త్రికోణం పడింది. గరుకు కాగితంతో రుద్ది రుద్ది, లక్క పాలిషు పట్టించేసరికి పెట్టెలు పెళ్ళికొడుకుల్లా తయారయ్యాయి, నేను కూలివాడిలా తయారయ్యాను. కొత్త రింగులు తెప్పించి జిగురుతో అతికించాను. ఇక్కడే అసలు కష్టమంతా. బిళ్ళ సరిగ్గా నడిమధ్యన కూర్చోవాలి. వెంట్రుకవాసి పక్కకు జరిగినా లోపలి తీగచుట్ట అయస్కాంతానికి రాసుకుని గరగరమంటుంది. గరగర ఉందో లేదో తెలియాలంటే, ఫోన్‌ని కరెంటు ఆంప్లిఫయరు ద్వారా పెట్టెకు తగిలించి, బాగా లోతైన 'హుమ్' అనే మోత పెట్టి చాలాసేపు వినాలి.

ఒక పొద్దున నేను ఆ మోత పెట్టి పెట్టె ముందు చెవి ఆనించి కూర్చున్నాను. గోడలు, కిటికీ అద్దాలు, వంటింట్లో గిన్నెలు అన్నీ హుమ్మంటున్నాయి. కాసేపటికి వీధిలో జనం పోగయ్యారు. ఎదురింటాయన లైన్‌మన్‌ని పిలుచుకొచ్చాడు. మా ఇంటి పక్కనే ట్రాన్స్‌ఫార్మరు ఉంది. లైన్‌మన్ స్తంభానికి చెవి ఆనించి, కళ్ళు చిన్నవి చేసి విన్నాడు.

"లోపల ఆయిలు అయిపోయినట్టుండాది. ఇంగ కాసేపుంటే పేలిపోతాది. అందురూ దూరం పోండి," అని అరిచి, వీధికంతా కరెంటు తీసేశాడు.

కరెంటు పోయింది కాబట్టి నా హుమ్ కూడా ఆగిపోయింది.

"సూడండి, ఆఫ్ చేస్తానే నిలిచిపోయె!" అన్నాడు లైన్‌మన్. జనం అవునవునన్నారు. ఎదురింటాయన అతని చెయ్యి పట్టుకుని ఊపాడు. నేను కిటికీ దగ్గర నిలబడి చెబుదామా వద్దా అని ఆలోచిస్తుండగా నా భార్య వెనక నుంచి, "నోరు తెరిస్తిరా, ఈది ఈదంతా మన మీద పడతాది," అంది. సాయంత్రం దాకా వీధంతా విసనకర్రలతో గడిపింది. అప్పుడు లైన్‌మన్ ఏదో బిగించి, కరెంటు వేసి, మోత రాలేదని అందరికీ చూపించి, ఎదురింట్లో మజ్జిగ తాగి వెళ్ళాడు. ఒక్కటి మాత్రం నిజం. నా బిళ్ళల్లో గరగర లేదు.

ఆ సంతోషంలో పెట్టెను ఒక్కడినే ఎత్తి హాల్లోకి తీసుకుపోబోయాను. గడప దగ్గర అది ఒక వైపుకు, నేను ఒక వైపుకు పోయాం. మణికట్టు మాత్రం పెట్టెతోనే పోయింది. మా వైపు ఎముక బెసికితే ముందు నోటికి వచ్చే మాట పుత్తూరే. నా భార్య నన్ను ఆటోలో కూర్చోబెట్టుకుని బయలుదేరింది.

పుత్తూరు కట్టు కోసం వచ్చినవాళ్ళు బల్లల మీద వరసగా కూర్చున్నారు. ఎలా విరిగిందో చెప్పుకోవడమే అక్కడ కాలక్షేపం. ఒకడు చింతచెట్టు మీద నుంచి పడ్డాడు. ఒకాయన్ని ఎద్దు తన్నింది. ఒకామె మేడమెట్ల మీద జారింది. నా వంతు వచ్చింది.

"పాటల పెట్టె ఎత్తినాను," అన్నాను.

"మైకు సెట్టు వ్యాపారమా?" అన్నాడు చింతచెట్టు మనిషి.

"కాదు, ఇంట్లో వినేకి."

"ఇంట్లో వినేకి ఫోను లేదా?"

అందరూ నా వంక జాలిగా చూశారు. ఎద్దు తన్నినాయన కాస్త జరిగి నాకు చోటిచ్చాడు. కట్టు కట్టే పెద్దాయన నా చెయ్యి పట్టుకుని, "పాటలు బాగా వస్తాండాయా?" అని అడిగాడు. "ఇంగా పాడలేదు," అనేంతలో కటుక్కున లాగాడు. ఆకు పసరు, కోడిగుడ్డు తెల్లసొన పట్టించి, వెదురు దబ్బలు పెట్టి గుడ్డ చుట్టాడు. "ఇది నయమయ్యేదాకా బరువులు ఎత్తొద్దు," అని నాకు చెప్పి, "నువ్వు చూసుకోమ్మా," అని నా భార్యకు అప్పగించాడు. అప్పటి నుంచి మిగతా పనంతా ఆమె చేతిలోకి పోయింది.

స్పీకరు పెట్టె లోపల ఖాళీగా ఉండకూడదు. బిళ్ళ ముందుకు కొట్టే శబ్దం మనకు, వెనక్కు కొట్టే శబ్దం పెట్టెకు. ఆ వెనక శబ్దాన్ని మింగేయడానికి లోపల దూదో ఉన్నో వదులుగా నింపాలి. లేకపోతే కుండలో మాట్లాడినట్టుంటుంది. నేను కట్టు చేత్తో కుర్చీలో కూర్చుని ఇంకొంచెం నింపు, ఇంకొంచెం నింపు అని చెబుతూ ఉంటే, నా భార్య పాత పరుపు చింపి దూది నింపింది. ఎడమ పెట్టె అయ్యాక నేను కునుకు తీశాను. లేచేసరికి కుడి పెట్టెకు కూడా వెనక చెక్క బిగించి మరలు తిప్పేసింది.

"నింపినావా?"

"నింపినా."

"అంతా నింపినావా?"

"ఇంగ నన్ను పెట్టి మూసేదే తక్కువ," అంది.

తర్వాత శ్రుతి కుదర్చడం. పాతబడిన కెపాసిటర్లు తీసి కొత్తవి పెట్టించాను. సన్నటి స్వరాలను చిన్న బిళ్ళకూ లావు స్వరాలను పెద్ద బిళ్ళకూ పంచిపెట్టేవి అవే. ఆ పైన గది కూడా కుదరాలి. రెండు పెట్టెలూ, వినేవాడి కుర్చీ కలిసి ముక్కోణంగా ఉండాలి. గోడకు ఎంత దూరం ఉండాలో, మొహం ఎంత లోపలికి తిప్పాలో గురువుగారు ఫోన్లో చెబుతూ ఉంటే నా భార్య జరుపుతూ వచ్చింది. ముందు టీవీ బల్ల హాల్లోంచి పోయింది. తర్వాత కుట్టుమిషను పోయింది. ఫ్రిజ్జు గురగుర సంగీతానికి అడ్డమని దాన్ని వరండాలో పెట్టాం. వినే కుర్చీ ఎక్కడుండాలో ముగ్గుపిండితో గుర్తు పెట్టాను. మర్నాడు పొద్దున నా భార్య ఆ గుర్తు చుట్టూ రేకులు వేసి తామరపువ్వు చేసింది. "ఉత్త గీతలు పెడితే ఇంటికి మంచిది కాదు," అంది. వారం రోజులు నేను తామరపువ్వులో కూర్చుని కల్యాణి రాగం విన్నాను. బాగుందనే అనిపించింది. బాగుందని మనం అనుకుంటే సరిపోదు కదా. గురువుగారు వచ్చి చెప్పాలి.

ఒక ఆదివారం గురువుగారు, మందుల షాపాయన, ఇంకో ఇద్దరు వచ్చారు. గురువుగారు చెప్పులు విప్పి, హాల్లో నిలబడి ఒకసారి చప్పట్లు కొట్టాడు. గోడల వంక చూసి తల ఊపాడు. "ఫ్యాను ఆపండి," అన్నాడు. తిరుపతిలో మే నెల. ఫ్యాను ఆపాం. కిటికీలు మూయించాడు. తను తెచ్చిన డిస్కు నా చేతికిచ్చి, తామరపువ్వులో కూర్చుని కళ్ళు మూసుకున్నాడు.

గాత్ర కచేరీ. మేమంతా చెమటలు కారుస్తూ గోడకానుకుని ఊపిరి బిగబట్టుకున్నాం. మందుల షాపాయన చేతిరుమాలు పిండుకున్నాడు. రెండో కీర్తనలో గురువుగారు కళ్ళు తెరవకుండానే వేలెత్తాడు.

"ఆ ఘటం వినండి. ఎంత లోతు! ఎక్కడో వెనకాల, కుడి చేతి వైపు, పది అడుగుల లోపల కూర్చున్నాడు. ఈ డిస్కు ఇన్నేళ్ళుగా వింటున్నాను, ఘటం ఉన్నట్టే తెలియలేదు."

ఆ కచేరీలో ఘటం లేదు. కుడి చేతి వైపు పది అడుగుల లోపల మా వంటిల్లు ఉంది. అక్కడ మా అత్త రోట్లో ఎండుమిరపకాయలు దంచుతోంది. ఆమెకు లోకంలో ఏ కచేరీ జరుగుతున్నా తెలియదు. మందుల షాపాయన అప్పటికే "అద్భుతం" అని తొడ మీద తాళం వేస్తున్నాడు. కాసేపటికి ఘటవాద్యగాడి ఘాటు కూడా వచ్చి, అందరం తుమ్మడం మొదలుపెట్టాం.

పాట అయ్యాక గురువుగారు కళ్ళు తెరిచాడు. ఆ తర్వాత, "ఎడమ పెట్టె మంచిది. పద్ధతిగా ఉంది. కానీ కుడి పెట్టె..." అని ఆగాడు. "కుడి పెట్టె వేరే లోకం. గొంతు వెనకాల ఒక నిశ్శబ్దం ఉంది. దాంట్లో ఏం నింపారు?"

"రెండింట్లోనూ పరుపు దూదే సార్."

"లేదు. నా చెవులు అబద్ధం చెప్పవు. రెండూ ఒకటి కాదు."

ఆయన స్క్రూడ్రైవరు జేబులోనే పెట్టుకుని తిరుగుతాడు. వెళ్ళి కుడి పెట్టె వెనక కూర్చున్నాడు. వంటింటి గుమ్మంలోంచి నా భార్య నాకు కళ్ళతో ఏదో సైగ చేసింది. కాఫీ గురించేమో అనుకున్నాను. చెక్క ఊడింది. గురువుగారు లోపల చెయ్యి పెట్టి లాగాడు. పసుప్పచ్చ చీర ఒకటి వచ్చింది. దాని కొస పట్టుకుని మెంతిరంగుది, దాని వెనకాల తెల్ల చుక్కల ఎర్రటిది. చీర తర్వాత చీర వస్తూనే ఉంది. అన్నీ మధుర సుంగుడి చీరలు. ఉతికి ఉతికి మెత్తబడిన పాత నూలు చీరలు.

సరిగ్గా అప్పుడే మా అత్త మిరపపొడి జల్లెడతో హాల్లోకి వచ్చింది.

"ఇవి నా సీరలు గదా! అటక మింద నుంచి యాడికి పోయినాయని నెల దినాలుగా ఎతకతా ఉండానే! ఏమప్పా, నువ్వా ఎత్తుకోని పోయింది?" అని నేరుగా గురువుగారినే అడిగింది. ఆయన చేతిలో చీర కొస ఇంకా ఉంది.

"దూది సాల్లేదు," అంది నా భార్య గుమ్మంలోంచి. "ఈయన నింపు నింపు అని పోరు పెట్టిరి. నింపినా."

నేను తలెత్తలేకపోయాను. ఇంగ్లండు పెట్టె అన్న మనిషి ముందు మా అత్త చీరలు కుప్పగా పడి ఉన్నాయి. అయితే గురువుగారు సామాన్యుడు కాడు. చీరను మెల్లగా చెవి దగ్గర పెట్టుకుని, బొటనవేలితో రుద్ది, కళ్ళు మూసుకున్నాడు.

"సుంగుడి," అన్నాడు. "సుంగుడి అంటే ఏమిటి? ముడి. గుడ్డకు వేల ముడులు వేసి రంగులో ముంచుతారు. ముడి విప్పుతారు, కానీ ఆ మెలిక గుడ్డలోంచి పోదు. వెనక్కు కొట్టిన శబ్దం ఆ మెలికల్లో చిక్కుకుని మళ్ళీ బయటికి రాలేదు. ఫారిన్ వాళ్ళకు ఇది తెలియక ఉన్ని, గాజుపీచు అని తిరుగుతున్నారు."

మందుల షాపాయన నోరు తెరుచుకుని వింటున్నాడు. నా భార్య కూడా వింటోంది. ఆమె పెదవులు బిగపట్టుకోవడం నేను చూశాను. అత్త ఒక్కతే ఏమీ వినపడక, చీరలు ఒక్కొక్కటే మడతపెట్టుకుంటూ, "మంచోనివి లాగుండావు, అడిగుంటే ఒగటి ఇచ్చుందు గదప్పా," అంది.

ఆ సాయంత్రమే గురువుగారు గ్రూపులో పెద్ద వ్యాసం రాశాడు. చీర పాతదై ఉండాలి. చేత్తో ఉతికింది కావాలి, మిషన్లో వేస్తే మెలిక పోతుంది. గంజి ఉండకూడదు. కనీసం ఇద్దరు పిల్లలను ఎత్తుకున్న చీరైతే మరీ మంచిది. మర్నాటి నుంచి మా ఇంటికి ఫోన్లు. నాకు కాదు, నా భార్యకు.

"అక్కా, మా ఆయన నా సీమంతం సీర అడగతా ఉండాడు. ఇయ్యొచ్చునా?" అంది మందుల షాపాయన భార్య.

"ఉత్తదే ఇయ్యొద్దు మే," అంది నా భార్య. "ఒగ పాత సీర పెట్టెలోకి పోతే, ఒగ కొత్త సీర బీరువాలోకి రావాల. అట్లయితేనే సౌండు నిలబడతాదంట."

"పట్టు పెట్టొచ్చునా?"

"పట్టొద్దు. గొంతు జారిపోతాది."

ఆ మాట ఎక్కడా నవ్వకుండా చెప్పింది. రెండు రోజుల తర్వాత అదే మాట గురువుగారి పేరుతో గ్రూపులో కనిపించింది. 'పట్టు వాడితే గాత్రం జారుతుంది, జాగ్రత్త.' ఇంట్లో పాత సుంగుడి దొరకని ఒకాయన తిరుచానూరు వీధుల్లో కొత్తది కొని, రోజూ ఉతికి ఆరేస్తున్నాడని విన్నాను. పక్కింటివాళ్ళు ఆయన భార్యను అడిగారట, ఇంట్లో ఎవరికైనా ఒంట్లో బాగాలేదా అని.

మా ఇంట్లో మాత్రం అత్త తన చీరలన్నీ తీసుకుని, బూంది నూనె వాసన పోయేదాకా ఉతికి, మేడ మీద ఆరేసుకుంది. నేను బజారు నుంచి దూది తెచ్చి ఒంటి చేత్తోనే కుడి పెట్టె నింపాను. ఆ తర్వాత తామరపువ్వులో కూర్చుని అదే పాట విన్నాను. తేడా ఉందేమో అని విన్నాను, లేదేమో అని విన్నాను. నాకు తెలియలేదు. కొన్నాళ్ళకు గురువుగారు మళ్ళీ వచ్చి, కళ్ళు మూసుకుని విని, "ఇప్పుడు చీర సర్దుకుంది. అప్పుడు కొత్తలో కొంచెం బిగువుగా ఉండేది," అన్నాడు. మేడ మీద చీరలు ఎగురుతున్నాయి. నేను కాఫీ ఇచ్చాను.

నా చేతి కట్టు విప్పాక నా భార్య ఒక్క కోరిక కోరింది. టీవీని తెచ్చి ఆ పెట్టెలకు తగిలించమంది. అత్త సాయంత్రం సీరియలు చూస్తుంది. వినపడక టీవీ ఆఖరు దాకా పెంచుతుంది. అంత పెంచితే టీవీ లోపలి బుల్లి స్పీకరు చిల్లపెంకులా మోగుతుంది, ఆమెకు మాత్రం ఒక్క ముక్కా అర్థం కాదు. బొమ్మలు చూసి కథ తనే అల్లుకుంటుంది. ఇంత గొప్ప పెట్టెలకు సీరియలా అని నాకు మనసొప్పలేదు. "సంగీతం వినే పెట్టెలు," అన్నాను. "కల్యాణ మంటపాల్లో బాడుగకు పోయిన పెట్టెలు," అంది ఆమె. తగిలించాను.

అత్త తన ముక్కాలిపీట తెచ్చి కుడి పెట్టెకు వీపు ఆనించుకుని కూర్చుంది. కాసేపటికి మెడ నిక్కబొడుచుకుని, పీట ఇంకాస్త దగ్గరికి లాక్కుంది. ఆమె మొహంలో ఏదో మారడం చూసి నా భార్య వంటింట్లోంచి వచ్చి నిలబడింది.

"ఓయమ్మా!" అంది అత్త. "ఈ పెద్దకోడలు మంచిదనుకొంటి గదే ఇన్నాళ్ళూ! ఎంత మాటలంటా ఉండాది సూడు ఆ ముసిలామెను! నగతా నగతా అంటా ఉండాది!"

మూడేళ్ళుగా ఆమె ఆ పెద్దకోడలి కోసం దేవుడికి దణ్ణం పెడుతోంది. ఆ పిల్ల నవ్వుమొహం చూసి మంచిదనుకుంది. ఇప్పుడు మాటలు వినపడేసరికి కథంతా తలకిందులైంది. ఎవరు ఎవరో మళ్ళీ మొదటి నుంచి చెప్పమంది. నా భార్య పక్కన కూర్చుని చెవిలో చెబుతూ ఉంటే ఆమె కళ్ళు పెద్దవి చేసుకుని, "అట్లనా? వాడు వాళ్ళ నాయన కాదా?" అంటూ తన మూడేళ్ళ తప్పులన్నీ దిద్దుకుంది. ఇల్లంతా ఆ పెద్దకోడలి విషపు నవ్వుతో మోగింది. ఆ నవ్వులో లోతు బాగా వచ్చింది. కెపాసిటర్లు మార్చిన ఫలితమని నేను చెప్పాను. ఎవరూ పట్టించుకోలేదు.

అలా నడుస్తుండగా ఒక సాయంత్రం గురువుగారు వచ్చాడు, చిన్న బిళ్ళకు ఏదో కొత్త తీగ గురించి మాట్లాడటానికి. హాల్లో అడుగు పెట్టి, తెర మీద సీరియలు చూసి ఆగిపోయాడు. నేను సిగ్గుపడి, ఆపేద్దామని లేచాను.

"ఉండనీ, ఉండనీ," అన్నాడాయన. "వాయిస్ ఎలా వస్తుందో చూద్దాం."

కుర్చీలో కూర్చున్నాడు. ప్రకటనలు వచ్చినప్పుడు, "ఆ ముసలామె ఎవరు?" అని అడిగాడు. నేను చెప్పాను. మళ్ళీ ప్రకటనలు వచ్చినప్పుడు, "ఆస్తి పత్రాలు చిన్నవాడి దగ్గరున్నాయని పెద్దకోడలికి తెలుసా?" అన్నాడు. తీగ సంగతి ఎత్తలేదు. మర్నాడు కూడా వచ్చాడు. "నిన్న మధ్యస్థాయి సరిగ్గా గమనించలేదు," అన్నాడు. ఆ మర్నాటికి కారణమేమీ చెప్పకుండానే వచ్చి చెప్పులు విప్పాడు. నా భార్య ఆయనకు కూడా ఒక ముక్కాలిపీట వేసింది. ఎడమ పెట్టె ఆయనది, కుడి పెట్టె అత్తది.

నిన్న సాయంత్రం పెద్దకోడలు చిన్నవాడి గది తలుపు మెల్లగా తెరుస్తోంది. గురువుగారు ఆగలేకపోయాడు.

"అబ్బా, వద్దు, అది లోపలికి పోతే ఆ పత్రాలు సూసేస్తాది! ఆ పిల్లోడు యాడ సచ్చినాడో! ఎవురన్నా పిలవండప్పా!"

అత్త అటు తిరిగి ఆయన వంక చూసింది.

"ఏమప్పా," అంది, "కాసేపు గమ్మునుండు. నాకు వినపళ్ళా."